లేపాక్షి స్తంభం నుంచి అవ్వ కాంచళి దాకా

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకిచ్చిన అంశం మ్యూజియాలు, శిల్పం, అలంకరణ కళ. ముందే చెబుతున్నా, నేను చరిత్ర పరిశోధకురాలిని కాను. టీచర్ ట్రైనింగ్ చేసి హాస్టల్ వార్డెన్‌గా వచ్చినదాన్ని. పొద్దున ఐదుకు లేచి పాలు, గుడ్లు, కూరగాయల లెక్క చూసుకునే మనిషిని. అయితే ఏటా మా పిల్లల్ని లేపాక్షికి తీసుకుపోతాను. అక్కడ పిల్లలు మూడు చోట్ల ఆగుతారు. బసవన్న ముందర ఫోటో, వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చడం, సీతమ్మ పాదం. ఆ మూడూ అయితే లేపాక్షి అయిపోయినట్టే, ఇక ఐస్‌క్రీం బండి దగ్గరికి పరుగు. వాళ్లు చూడకుండా దాటిపోయే వాటి గురించి ఈరోజు మాట్లాడతాను. అక్కడి నుంచి ధర్మవరం, నిమ్మలకుంట, పెనుకొండ పోయి, చివరికి మీ అవ్వల ట్రంకు పెట్టెల దగ్గరికి వస్తాను.

లేపాక్షి వీరభద్రస్వామి గుడి హిందూపురానికి 15 కిలోమీటర్లే. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయలు విజయనగరాన్ని ఏలుతున్న కాలంలో, పెనుకొండ సీమలో అధికారిగా ఉన్న విరూపణ్ణ తన తమ్ముడు వీరణ్ణతో కలిసి కట్టించాడు. గుట్ట తాబేలు వీపులా ఉంటుంది కాబట్టి కూర్మశైలం అంటారు. 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. ఈ సంగతులు మీ జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఉంటాయి, పోటీ పరీక్షలకు పనికొస్తాయి, రాసుకోండి. పుస్తకంలో దొరకని సంగతులు తల పైకెత్తితే కనబడతాయి.

నాట్యమండపంలో నిలబడి పైకప్పు చూడండి. బొమ్మలు పొడవాటి పట్టీల్లో ఒకదాని పక్కన ఒకటి నడిచిపోతుంటాయి. పార్వతీ కల్యాణం ఉంది, ద్రౌపది స్వయంవరం ఉంది, మర్రి ఆకు మీద పడుకున్న కృష్ణుడున్నాడు. వాటిలో ఒక పట్టీ కిరాతార్జునీయం. అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేస్తుంటే శివుడు పరీక్షించడానికి వస్తాడు. ఏ వేషంలో వచ్చాడు? అడవిలో వేటాడి బతికే కిరాతుడి వేషంలో. పార్వతి కూడా కిరాత స్త్రీ వేషంలో వెంట వచ్చింది. అడవిపంది ఒకటే, బాణాలు రెండు. నాదంటే నాదని తగువు పడతారు, కలబడతారు, గెలిచేది అడవి మనిషే.

కథ మీకు తెలిసిందే. అయినా దీని దగ్గర ఎందుకు ఆగానంటే, "అడివోళ్లు" అని ఎవరైనా ఎగతాళి చేస్తే తల దించుకునే పిల్లలు నా హాస్టల్లో ఉన్నారు. ఇక్కడ కూర్చున్న వాళ్లలో కూడా ఉండొచ్చు. వాళ్లను నేను ఆ పట్టీ కింద నిలబెట్టి పైకి చూడమంటాను. విజయనగరం వైభవంగా ఉన్న రోజుల్లో, ఒక పెద్ద అధికారి కట్టించిన గుడి పైకప్పు మీద, శివుడికి వేటగాడి వేషం వేసి గీశారు. చూసుకోండప్పా, కావలసినంతసేపు చూసుకోండి.

ఇంకో మాట కూడా వెంటనే చెప్పాలి. ఆ బొమ్మ మనవాళ్లు గీసింది కాదు. అడవి మనిషి ఇలా ఉంటాడని ఊరి చిత్రకారుడు అనుకుని గీసింది. గౌరవంగానే గీశాడు, కానీ అతని ఊహ అది. మనల్ని ఇంకొకరు గీయడం, మనం గీసుకోవడం, ఈ రెండింటికీ తేడా ఉంది. దీన్ని గుర్తు పెట్టుకోండి, మ్యూజియం మాట వచ్చినప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

ఆ బొమ్మలు ఎలా వేశారో చూడండి. రాతి కప్పు మీద సున్నపు గచ్చు పూసి, దాని మీద నల్ల గీతతో రూపం గీసి, లోపల రంగు నింపారు. ఎరుపు, పసుపు, గోధుమ రంగు, నలుపు, తెలుపు, కొంత ఆకుపచ్చ. ఎక్కువగా మట్టి నుంచి, రాయి నుంచి తీసిన రంగులు. మన తాండాల్లో గోడలకు ఎర్రమట్టి, సున్నం పూసే వాళ్లకు ఈ రంగులు కొత్తవి కావు. ఉన్న నాలుగైదు రంగులతోనే అంత పని చేశారు. మా పిల్లలేమో 24 రంగుల పెట్టె లేదని డ్రాయింగ్ మానేస్తారు!

ఆ బొమ్మల్లోని మనుషుల బట్టలు చూడండి. ఆడవాళ్ల చీరలు ఒకదానిలా ఇంకొకటి లేదు. చారలు, గళ్లు, పూలు, వెడల్పాటి అంచులు. మగవాళ్ల తలల మీద పొడవాటి కుళ్లాయిలు. బట్టల చరిత్ర చదివే పండితులు ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఈ పైకప్పుకు మెడ ఎత్తి చూస్తారు. ఎందుకంటే ఆనాటి మామూలు బట్ట ఈరోజు ఎక్కడ దొరుకుతుంది? నూలు 500 ఏళ్లు నిలవడం చాలా అరుదు. చీర చిరిగిపోయింది, చీర బొమ్మ నిలిచింది. నా ప్రసంగమంతా మరిచిపోయినా ఈ ఒక్క సంగతి ఇంటికి తీసుకుపోండి.

వీరభద్రుడి పెద్ద బొమ్మ దగ్గర విరూపణ్ణ, వీరణ్ణ కూడా చేతులు జోడించి నిలబడి ఉంటారు. డబ్బు పెట్టించిన వాళ్లు కాబట్టి పేర్లు మిగిలాయి. గీసిన వాళ్ల పేర్లు మనకు దక్కలేదు. గుడి ఆవరణలో బండ మీద పళ్లాల్లా తొలిచిన గుంటలున్నాయి, పనివాళ్లు అన్నం తిన్న పళ్లాలని అక్కడి వాళ్లు చెబుతారు. అమ్మ వంట చేసేలోపల శిల్పులు ఆ ఏడు పడగల నాగలింగాన్ని చెక్కేశారని కూడా చెబుతారు. జనం ఆ కథ ఎందుకు చెప్పుకున్నారో నాకర్థమవుతుంది. పేర్లు తెలియకపోయినా, ఆ చేతులు ఇక్కడ అన్నం తిన్నాయి, వాళ్లకూ ఒక అమ్మ వంట చేసిపెట్టింది అని తలచుకోవడానికి.

గుడిలో ఇంకో చిన్న తమాషా ఉంది. ఒక ఒంటికి మూడు తలలున్న ఆవు శిల్పం. రెండు తలలు చేత్తో మూసి చూస్తే ఒక రకంగా నిలబడిన ఆవు, ఇంకో తల తెరిస్తే ఇంకో రకంగా ఉన్న ఆవు. మూడు ఆవులు చెక్కాల్సిన చోట ఒకటే చెక్కాడు. లెక్కల మాస్టారు కూడా మెచ్చుకుంటాడు.

ఇక గుడికి కొంచెం దూరంలో ఉన్న బసవన్న. ఒకే రాయి. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ఫోటో తీసుకున్నాక ఒకసారి మెడ వైపు నడవండి. దండలు, గొలుసులు, గంటలు, ఒక్కొక్కటీ నిజమైన నగలాగే చెక్కారు. మా సుగాలి పిల్లలకు అక్కడ నేనొక ప్రశ్న వేస్తాను: "ఎద్దుకు ఇన్ని నగలు ఇంకెవరు వేసేవాళ్లు?" చాలామందికి తెలియదు. రోడ్లు, రైళ్లు రాకముందు దక్కనంతా ఉప్పు, ధాన్యం ఎద్దుల వీపుల మీద మోసి బతికింది మన పూర్వీకులే. సైన్యాలకు తిండిగింజలు చేర్చింది వాళ్లే. బిడారులో ముందు నడిచే ఎద్దు నుదుటికి గవ్వలు కుట్టిన పట్టీ, కొమ్ములకు కుట్టుపని చేసిన తొడుగులు, వీపు మీద అద్దాల బొంత, మెడలో గంటలు. అవి కుట్టింది ఆడవాళ్లు. లేపాక్షి శిల్పి రాతిలో చేసిన పనిని మన అవ్వలు సూదితో చేశారు. రాతి ఎద్దు నిలబడి ఉంది. ఆ బొంతలు ఎన్ని మిగిలాయో మీ ఇళ్లలోనే చూసుకోవాలి.

ఇప్పుడు గుడిలోకి మళ్లీ ఒక్కసారి వద్దాం. కల్యాణమండపం పక్కన లతామండపం ఉంది. అక్కడ దేవుళ్ల బొమ్మలు తక్కువ. స్తంభాలకు నాలుగు పక్కలా తీగలు, పూలు, హంసలు, చిలకలు, గళ్ల అల్లికలు. ఒక స్తంభం నమూనా పక్క స్తంభానికి ఉండదు. పిల్లలు దాన్ని చూడకుండా నడిచిపోతారు, ధర్మవరం వాళ్లు మాత్రం ఆగారు. ధర్మవరం పట్టుచీరల అంచుల్లో, కొంగుల్లో ఉన్న నమూనాలు చాలా వరకు ఈ గుడి నుంచే తీసుకున్నవి. కొట్టులో "లేపాక్షి డిజైన్ చూపించండి" అంటే తీసి పరుస్తారు.

రాయి మీది తీగ చీర మీదికి ఎలా పాకింది? నేను ఒకసారి మగ్గాల ఇంట్లో కూర్చుని చూశాను. డిజైన్ గీసే ఆయన గళ్ల కాగితం తీసుకుంటాడు. ఒక్కో గడి ఒక్కో పోగు లెక్క. జరీ పైకి కనబడాల్సిన గడికి రంగు నింపుతాడు, మిగతాది ఖాళీ. ఆ కాగితం చూసి అట్టలకు చిల్లులు కొడతారు. అట్టలన్నీ దండలా కట్టి మగ్గం మీదున్న జాకార్డ్ పెట్టెలో వేస్తారు. చిల్లున్న చోట పడుగు పోగు లేస్తుంది, చిల్లు లేని చోట లేవదు. నేతాయన కాలుతో తొక్కి పేక వేసినప్పుడల్లా ఒక అట్ట తిరుగుతుంది. ఇప్పుడు కంప్యూటర్‌లో గీస్తున్నారు, పని తొందరగా అవుతోంది, సూత్రం మాత్రం అదే. హిందూపురం మార్కెట్‌లో పట్టుగూళ్లు, ధర్మవరంలో నేత, లేపాక్షిలో డిజైన్. మూడు ఊళ్లూ ఒక చీరలో ఉన్నాయి. ధర్మవరం చీరకు, పావడాకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

నేతన్నల కష్టాలు వేరే కథ. మరమగ్గాలు, అప్పులు, పట్టు ధరలు. మీ క్లాసుల్లో వాళ్ల పిల్లలున్నారు, వాళ్లనే అడగండి.

గళ్ల కాగితం చూసినప్పుడు నాకు మా అవ్వ గుర్తుకొచ్చింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ కాంచళి కుట్టేటప్పుడు గుడ్డలో పోగులు లెక్కపెట్టుకుని సూది దించేది. ఎడమ భుజం మీద ఎన్ని గళ్లో కుడి భుజం మీద అన్నే. మధ్యలో అద్దం, చుట్టూ గొలుసు కుట్టు, దాని బయట అడ్డుకుట్లు, అంచున గవ్వలు. కాగితం లేదు, పెన్సిల్ లేదు. గ్రాఫ్ ఆమె తలలో ఉంది. డిజైన్ అంటే ఇదే పిల్లలూ. పట్నం కాలేజీలో నాలుగేళ్లు ఫీజు కట్టి నేర్చుకునే దాంట్లో పెద్ద భాగం ఇదే.

ఆ కుట్లకు పేర్లున్నాయి. కీలన్, వేలే, బక్యా, మాకీ, రేలో, నాక్రా, ఇంకా చాలా. కర్ణాటకలో సండూరు లంబాణీ ఆడవాళ్లు చెప్పిన పేర్లు ఇవి. మన వైపు పలుకు కొంచెం మారొచ్చు. ఇక్కడున్న సుగాలి పిల్లల్లో ఎంతమందికి వీటిలో ఒక్కటైనా తెలుసు? చేతులెత్తండి. సరే, సరే, దించండి. మీ తప్పేం కాదు, మీకు ఎవరూ చెప్పలేదు.

మా అవ్వ పెళ్లినాటి ఫేటియా మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండేది. ఎత్తితే బరువు. నేను ట్రైనింగ్ కాలేజీలో ఉండగా ఒక ఎండాకాలం పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే వ్యాపారి తాండాకు వచ్చాడు. మా అమ్మ ఆ ఫేటియా ఇచ్చి మూతలున్న రెండు స్టీలు డబ్బాలు తీసుకుంది. మా అమ్మను నేను తప్పు పట్టను. తాండాలో అందరూ చీరలకు మారిపోయారు, ఆ బరువు ఎవరు మోస్తారు? బియ్యానికి ఎలుకలు పడుతున్నాయి, డబ్బాలు అవసరం. ఆ డబ్బాలు ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయి, బాగానే ఉన్నాయి.

కొన్నేళ్ల తర్వాత బెంగళూరులో ఒక ఎగ్జిబిషన్‌లో భుజానికి తగిలించుకునే సంచులు చూశాను. పాత ఫేటియాలు కత్తిరించి, ముక్కలు అతికి కుట్టినవి. మా అవ్వదే అని చెప్పను, ఎలా చెప్పగలను? ఆ ఎరుపు, ఆ అద్దాలు, ఆ అంచు మావే. చీటీ మీద ఇంగ్లీషులో "ట్రైబల్ బ్యాగ్" అని ఉంది. ధర చూస్తే, దాంతో అలాంటి స్టీలు డబ్బాలు ఒక బండెడు కొనొచ్చు. కుట్టిన మనిషి పేరు లేదు, తాండా పేరు లేదు, జిల్లా పేరు కూడా లేదు. నాకు కోపం డబ్బు మీద రాలేదు. ఒక మనిషి ఏడాది పాటు లెక్క తప్పకుండా వేసిన డిజైన్‌ను మధ్యలో కత్తెర పెట్టి కోశారు, ఆ కోత చూసి వచ్చింది.

ఇలా కాకుండా చేసుకున్న వాళ్లున్నారు. నేను ఇందాక పేరు చెప్పిన సండూరు మనకు దూరమేం కాదు, బళ్లారి జిల్లా. అక్కడి లంబాణీ స్త్రీలు సండూరు కుశల కళా కేంద్రం పేరుతో కలిసి కుడుతున్నారు. సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో హంపిలో జీ-20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 1,755 లంబాణీ కుట్టుపని వస్తువులు ఒకేచోట పెట్టి గిన్నిస్ రికార్డు సాధించారు. భాష అదే, కుట్టు అదే, మధ్యలో రాష్ట్రం సరిహద్దు ఒకటే. వాళ్లకున్నదీ మనకు లేనిదీ ఏమిటంటే, కలిసి కూర్చుని కుట్టే ఒక చోటు, రాసి పెట్టుకున్న ఒక పుస్తకం. ఒక విషయం స్పష్టంగా తెలుసుకోండి. భౌగోళిక గుర్తింపు ఆ పేరును కాపాడుతుంది, ఆ పేరు పెట్టుకుని ఇంకెవరూ అమ్మకూడదు. కుట్టడం మరిచిపోతే దాన్ని ఏ చట్టమూ కాపాడలేదు.

"పాతది పాతలాగే ఉండాలి, సంచులూ దిండు గలీబులూ కుడితే సంప్రదాయం చెడిపోతుంది" అని మన పెద్దల్లో కొందరంటారు. వాళ్ల మీద గౌరవంతోనే నేను ఒప్పుకోను. ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. మేక తోలును వెలుగు దూరేంత పల్చగా చేసి, రంగులు వేసి, ఉలితో సన్నసన్న చిల్లులు కొడతారు. దీపం ముందు పెడితే ఆ చిల్లులే సీతమ్మ నగలవుతాయి. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, రాత్రంతా ఆట చూసే జనం తగ్గారు. అదే తోలుతో, అదే ఉలితో వాళ్లు దీపాలకు తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆట తగ్గి దీపాల తొడుగులు మిగలడం నాకూ కొంత బాధే. అయినా ఆ ఊళ్లో పిల్లల చేతుల్లో ఉలి ఉంది కదా. చేతిలో ఉలి ఉంటే రేపు ఆట మళ్లీ ఆడొచ్చు.

పెనుకొండ గగన్‌మహల్ చూసినా ఇదే తోస్తుంది. 1565 యుద్ధంలో విజయనగరం కూలాక రాజధాని పెనుకొండకు వచ్చింది. ఆ కోటలోని గగన్‌మహల్‌లో ముస్లిం కట్టడాల్లో కనబడే కమానులున్నాయి, పైన గుడి గోపురాన్ని తలపించే శిఖరం ఉంది. కట్టినవాళ్లకు బాగున్నది ఎక్కడున్నా తీసుకోవడం తెలుసు. మన కాంచళి మీది అద్దం, నాణెం, గవ్వ మాత్రం తాండాలో పుట్టాయా? గవ్వ సముద్రంలో పుట్టింది. బిడారులో తిరుగుతూ తెచ్చుకున్నాం, మనదిగా చేసుకున్నాం.

పెనుకొండ పేరు చెబితే చిన్నపిల్లలు గగన్‌మహల్ అనరు, కుంభకర్ణుడంటారు. తోటలో పడుకున్న ఆ సిమెంటు కుంభకర్ణుడు, ఆయన్ను లేపడానికి ఒంటి మీదికెక్కి అవస్థ పడుతున్న మనుషులు. పెద్ద కళాఖండమని విమర్శకులు రాయకపోవచ్చు. కానీ టికెట్ కొని మ్యూజియానికి పోని జనం కూడా అక్కడ ఆగి, నవ్వి, పిల్లలకు కథ చెబుతారు. నలుగురూ నడిచే చోట పెట్టిన బొమ్మకు ఆ బలం ఉంది. మన తాండాల మొదట్లో సిమెంటు స్వాగత తోరణాలు కడుతున్నాం. దాని మీద నాయకుల ఫోటోలకు ఎంత చోటిస్తున్నామో చూడండి. ఒక్క తోరణం మీదైనా కాంచళి అంచు నమూనా వేయించండి, ఖర్చు ఎక్కువేం కాదు.

ఇప్పుడు మ్యూజియం మాట. మన తెలుగు నేల మీద గిరిజన మ్యూజియాలున్నాయి. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో, అరకులో, శ్రీశైలంలో. చూడాల్సినవే. పట్నం పిల్లలకు మనం ఉన్నామని అవి చెబుతున్నాయి. అయితే దేశంలో చాలా గిరిజన మ్యూజియాల పద్ధతి ఒకటుంది. నిలువెత్తు మనిషి బొమ్మ చేసి, మన బట్ట తొడిగి, ఒక గుడిసె ముందర నిలబెడతారు. కింద తెగ పేరు రాస్తారు. లేపాక్షి పైకప్పు మీది కిరాతుడు గుర్తున్నాడా? ఇదీ అలాంటిదే. ప్రేమగా చేసిందే కావచ్చు, చేసింది ఇంకొకరు. అందులో మనిషికి పేరుండదు. సుగాలి స్త్రీ అని ఉంటుంది కానీ, ఫలానా తాండా ఫలానా అమ్మ కుట్టింది అని ఉండదు.

భోపాల్‌లో ఇంకో దారి చూపించారు. 2013లో అక్కడ మధ్యప్రదేశ్ గిరిజన మ్యూజియం తెరిచారు. కట్టడం రూపొందించింది రేవతి కామత్ అనే ఆర్కిటెక్ట్. లోపలి ప్రదర్శనలు తయారు చేయడానికి గోండ్, భీల్, బైగా, కోర్కు కళాకారులే వచ్చి పనిచేశారు. నేనింకా పోలేదు, ఫోటోలూ వీడియోలూ చూశాను. గుడిసె బొమ్మ పెట్టడం కాదు, గుడిసె కట్టే చేతులనే లోపలికి పిలిచారు.

అదే భోపాల్‌లో అంతకు ముందు జరిగిన కథ ఒకటి మీరు వినాలి. పాటన్‌గఢ్ అనే ఊళ్లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే గోండ్ కుర్రవాడు ఇళ్ల గోడల మీద బొమ్మలు వేసేవాడు. అప్పుడు భోపాల్‌లో భారత్ భవన్ అనే కళాకేంద్రం కడుతున్నారు, 1982లో తెరిచారు. చార్లెస్ కొరియా కట్టడం అది. అక్కడి మ్యూజియం బాధ్యత చూసిన చిత్రకారుడు జె. స్వామినాథన్ ఊళ్లు తిరిగి కళాకారులను వెతికించాడు. అలా ఈ కుర్రవాడి బొమ్మలు బయటపడ్డాయి. మట్టి గోడ మీది బొమ్మ కాగితం మీదికి, గుడ్డ మీదికి వచ్చింది. తర్వాత భోపాల్ శాసనసభ భవనం గోడల మీద అతను బొమ్మలు వేశాడు. 1989లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో అతని పని పెట్టారు. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియంలో పనిచేస్తూ, 40 ఏళ్లు నిండకముందే చనిపోయాడు. పేరు వస్తే కష్టాలన్నీ తీరిపోతాయని నేను మీకు చెప్పను. కానీ ఈరోజు పాటన్‌గఢ్‌లో ఇంటింటికీ చిత్రకారులున్నారు. బొమ్మ కింద వాళ్ల పేరు వాళ్లు సంతకం చేస్తున్నారు.

మనం ఏం చేద్దాం? పెద్ద భవనం కోసం అర్జీ పెట్టి ఎదురుచూడొద్దు. మా హాస్టల్లో ఒక ఇనుప పెట్టె, ఒక లాంగ్ నోట్‌బుక్‌తో మొదలుపెట్టాం. సెలవులకు ఇంటికి పోయే పిల్లలకు ఒక పని చెబుతున్నాను. మీరూ చేయండి.

ఇంట్లో పాత కాంచళి, ఫేటియా, సంచి, ఎద్దు బొంత ముక్క, ఏదున్నా బయటికి తీయండి. పగటి వెలుతురులో, నీడలో పరచి, ముందు మొత్తం, తర్వాత దగ్గరగా ఫోటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి, కొలత తెలియాలి. అవ్వ పక్కన కూర్చుని అడగండి. ఎవరు కుట్టారు, ఏ తాండా, ఎవరి పెళ్లికి, ఈ కుట్టు పేరేమిటి, ఈ గుడ్డ ఏ సంతలో కొన్నారు. ఆమె మాటల్లోనే రాయండి. మన గోర్ బోలీని తెలుగు అక్షరాల్లో రాస్తే చాలు. రాసింది ఆమెకు చదివి వినిపించండి, తప్పులు ఆమే దిద్దుతుంది. ఊరకే దిద్దదు, తిడుతూ దిద్దుతుంది, ఆ తిట్లూ రాసుకోండి.

సర్ఫు నీళ్లలో ముంచి ఉతకొద్దు, పాత రంగు దిగిపోతుంది. ఎండలో ఆరేయొద్దు. పాత నూలు గుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు పెట్టి, అప్పుడప్పుడు మడత మార్చి పెట్టండి. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే అక్కడే చిరుగుతుంది. ఎవరైనా కొంటామని వస్తే ఇంట్లో వాళ్లు అమ్ముకోవచ్చు, అది వాళ్ల ఇష్టం, వాళ్ల అవసరం. కానీ ఫోటో, పేరు, కొలత మీ నోట్‌బుక్‌లో ఎక్కిన తర్వాత అమ్మమనండి. ధర కూడా స్టీలు డబ్బాల లెక్కలో చెప్పొద్దనండి.

ఎరుకల పిల్లలూ, ఈ మాటలన్నీ సుగాలీల కోసం అనుకోవద్దు. ఈతాకు చాప, బుట్ట, గంప అల్లేటప్పుడు మీ అమ్మ ఎన్ని ఆకులు ఎత్తి ఎన్ని దించుతుందో చూడండి. ధర్మవరం జాకార్డ్ పెట్టె చేసే పని అదే. ప్లాస్టిక్ వచ్చి బుట్టకు గిరాకీ తగ్గింది నిజమే. అల్లిక మొదలు ఎలా పెడతారో ఫోన్‌లో వీడియో తీసి పెట్టండి. మొదలు పెట్టడమే కష్టం, తర్వాత చెయ్యి దానంతటదే పోతుంది అని మా హాస్టల్ పిల్ల ఒకామె వాళ్లమ్మ మాటగా చెప్పింది.

డిజైన్ మీద ఆసక్తి ఉన్న ఇంటర్ పిల్లలకు రెండు ముక్కలు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మన రాష్ట్రంలోనే ఉంది, 2015లో మొదలైంది. నిఫ్ట్ హైదరాబాద్‌లో ఉంది. వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ ఉంది, డిప్లొమా చదవొచ్చు. కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. వీటిలో ఎస్టీ పిల్లలకు రిజర్వేషన్ సీట్లున్నాయి. డిజైన్ సంస్థల ప్రవేశ పరీక్షలో బొమ్మలు గీయమంటారు, చుట్టూ ఉన్నదాన్ని ఎలా చూశారో అడుగుతారు. అలాంటి పరీక్షకు మీ అవ్వ ట్రంకు పెట్టె కంటే మంచి గైడు నాకైతే తెలియదు. దరఖాస్తు తేదీలు ప్రతి ఏడాదీ మారుతుంటాయి, మీ వార్డెన్‌ను సతాయించి కనుక్కోండి. సతాయిస్తే గానీ మేం కూడా కదలం.

వచ్చే రెండో శనివారం మా పిల్లలతో లేపాక్షి పోతున్నాను. రావాలనుకున్న వాళ్లు పొద్దున ఎనిమిదికల్లా హిందూపురం బస్టాండులో ఉండండి. గళ్ల నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు, నీళ్ల బాటిల్ తెచ్చుకోండి. గోడల మీద, స్తంభాల మీద ఎవరూ చెయ్యి పెట్టొద్దు, పేర్లు గీకొద్దు. బసవన్న దగ్గర ఫోటోలకు పది నిమిషాలు. మిగతా పొద్దంతా లతామండపంలో కూర్చుందాం. ఒక్కొక్కరికి ఒక్కో స్తంభం. కాంచళి ముక్క ఉన్నవాళ్లు కాగితం కవరులో పెట్టుకుని తీసుకురండి, పక్కన పెట్టుకుని గీద్దాం.